పిడుగు జాడ యంత్రానికి తెలుసు, కూలీకి చెప్పేదెవరు?

ఎర్రగుంట్లలో కొలతకు అందని వస్తువంటూ లేదు. గనిలో నుంచి రాయి ఎత్తుకొచ్చిన లారీ కాటా ఎక్కి దిగందే కదలదు. పొగగొట్టంలో ధూళి ఎంత వున్నదో ఎప్పటికప్పుడు లెక్కకట్టి పంపే యంత్రాలు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరిలోనే 17 రకాల పరిశ్రమలకు ఉత్తరువిచ్చింది. వాటిలో సిమెంటు ఫ్యాక్టరీలూ వున్నాయి, థర్మల్ కేంద్రాలూ వున్నాయి. కూలీని కూడా వదల్లేదు. ఉపాధి హామీ పనిలో పూటకొక ఫొటో చొప్పున రోజుకు రెండు ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించందే హాజరు పడదని 2023 జనవరి నుంచి దేశమంతటా నిర్బంధం చేశారు. కూలీ పనికొచ్చిందీ రానిదీ ఢిల్లీలో కూర్చుని కనిపెట్టే ఏర్పాటు జరిగిపోయింది. అదే కూలీ నెత్తి మీదికి పిడుగు వస్తున్నదని కనిపెట్టే యంత్రాలు కూడా మన దేశంలో వున్నాయి. ఆ కబురు మాత్రం చేను దాకా రావడం లేదు.

అర్ధగంట ముందు తెలిసిన కబురు విలువ ఎంతో చేలో పని చేసేవాళ్లను అడగాలి. అర్ధగంటంటే గుంపునంతా పిలుచుకొని రోడ్డు మీది బడిలోకో, పంచాయతీ ఆఫీసులోకో చేరుకునే వ్యవధి. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క ప్రకారం దేశంలో పిడుగుపాటుకు 2020లో 2,862 మంది, 2021లో 2,880 మంది, 2022లో 2,887 మంది చనిపోయారు. 2022లో ప్రకృతి ప్రమాదాల్లో పోయిన 8,060 మందిలో మూడో వంతుకు పైగా పిడుగుకు బలైనవాళ్లే. పొలంలో వున్నవాళ్లు, గొర్రెల వెంట వున్నవాళ్లు, చెట్టు కింద నిలబడినవాళ్లు. పిడుగుకు కులమూ వర్గమూ లేవంటారు కొందరు. ఎందుకు లేవు? మబ్బు కమ్ముకున్నప్పుడు కూడా ఆరుబయట వుండక తప్పనివాళ్లు ఎవరో చూస్తే తెలిసిపోతుంది.

డబ్బు ఎవరిది?

ఈ యంత్రాలు ఎవరి డబ్బుతో పుడుతున్నాయో ముందుగా చూడాలి. కనిపెట్టడం, కొలవడం, ముందుగా చెప్పడం - ఈ మూడు పనులకూ కావలసిన సామగ్రిని తయారు చేసేది పెద్ద గుత్త కంపెనీలే అనుకుంటాం. చాలాచోట్ల మొదలు పెట్టింది చిన్న కంపెనీలు. వాటి వెనక వున్నది ప్రభుత్వ ఖజానా.

అమెరికాలో 1977లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అనే ప్రభుత్వ సంస్థ ఒక పద్ధతి మొదలు పెట్టింది. చిన్న కంపెనీ ఏదైనా కొత్త ఆలోచన పట్టుకొని వస్తే, అది జరిగే పనో కాదో తేల్చుకోవడానికి మొదట కొంత డబ్బు ఇస్తారు. జరిగేదే అని తేలితే నమూనా తయారు చేయడానికి మరింత ఇస్తారు. అది అప్పు కాదు, కంపెనీలో వాటా అడగరు. 1982లో దాన్ని చట్టం చేశారు. బయటి పరిశోధనలకు ఏడాదికి పది కోట్ల డాలర్లకు మించి ఖర్చు పెట్టే ప్రతి శాఖా అందులో కొంత శాతం చిన్న కంపెనీలకు తీసి పెట్టవలసిందే. 2017 నాటికి ఆ వాటా 3.2 శాతానికి పెరిగింది. వాతావరణాన్నీ సముద్రాన్నీ చూసే వాళ్ల శాఖ కూడా ఈ పద్దు కిందనే వానను, గాలిని, వరదను కొలిచే పరికరాల మీద పరిశోధనకు డబ్బు ఇస్తూ వచ్చింది. ఆ చట్టం మీద సంతకం చేసింది రీగన్. ప్రభుత్వం దేంట్లోనూ చేయి పెట్టకూడదని లోకానికంతా పాఠాలు చెప్పిన పెద్దమనిషి!

మన దేశంలో అదే బాటలో 2005లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ చిన్న పరిశ్రమల పరిశోధనకు ఒక పథకం పెట్టింది. 2016లో సైన్స్ శాఖ ‘నిధి’ పథకం తెచ్చింది. దాని కింద ఒక్కొక్క నమూనా తయారీకి పది లక్షల దాకా ఇస్తారు. వ్యవసాయం వరకు చూస్తే 2018-19లో రాష్ట్రీయ కృషి వికాస్ యోజనలో ‘రఫ్తార్’ అని ఒక భాగం చేర్చి, ఆలోచన దశలో వున్నవాళ్లకు 5 లక్షలు, కొంచెం నిలదొక్కుకున్నవాళ్లకు 25 లక్షల దాకా గ్రాంటు ఇచ్చారు. హైదరాబాదులోని ‘మేనేజ్’ సంస్థ దానికి ఒక కేంద్రం. నేలలో తేమ కొలిచే కడ్డీలు, ఆకు తడి చూసి తెగులు వస్తుందని చెప్పే పెట్టెలు, చీనీ తోటలో నిలబెట్టే చిన్న వాతావరణ కేంద్రాలు ఇటువంటి డబ్బుతోనే మార్కెట్‌లోకి వస్తున్నాయి. ఇవి కాక 2024 సెప్టెంబరులో రాడార్లు, వాతావరణ సూచనల కోసం ‘మిషన్ మౌసమ్’కు రెండేళ్లకు 2,000 కోట్లు మంజూరైంది. 2025 జూలైలో ప్రైవేటు రంగ పరిశోధనకంటూ లక్ష కోట్ల నిధికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్నది.

చిన్న కంపెనీకి ప్రభుత్వం డబ్బు ఇవ్వడం తప్పని నేను అనను. సైన్సు మనకు శత్రువు కాదు. పొలం గట్టు ముఖం చూడని పెద్ద కంపెనీ కంటే ఊర్ల వైపు వచ్చే నలుగురు చదువుకున్న పిల్లలు నయం. అయితే ప్రజల డబ్బు తీసుకున్న పరికరం ఎవరికి పలకాలి అనే ప్రశ్న ఆ దరఖాస్తు ఫారాల్లో ఎక్కడుంది? ఎంత మంది కొంటారు, ఎన్నాళ్లకు లాభం వస్తుంది, ఏ బీమా కంపెనీ ఒప్పందం చేసుకుంటుంది - వీటికి గళ్లు వుంటాయి. సెంటు భూమి లేని మనిషికి అది ఎలా పనికొస్తుందో రాయడానికి గడి లేదు.

రేడియోలో కరకర

పిడుగు సంగతే తీసుకుందాం. కడప ఆకాశవాణి వింటూ పెరిగినవాళ్లకు ఒక సంగతి గుర్తుండే వుంటుంది. బయట ఇంకా మబ్బు కూడా కనపడక ముందే రేడియో కరకరమనేది. ‘యాడనో మెరుస్తాంది’ అనేవాళ్లు పెద్దలు. మెరుపంటే ఒక పెద్ద రేడియో తరంగం కూడా. దాన్ని మన రేడియో పట్టుకొని కరకరమంటుంది.

పిడుగును కనిపెట్టే యంత్రం చేసేదీ ఆ పనే. ఒకదానికొకటి అడ్డంగా నిలబెట్టిన రెండు తీగచుట్లు ఆ తరంగం ఏ దిక్కు నుంచి వచ్చిందో చెబుతాయి. అటువంటివి రెండు మూడు చోట్ల వుంటే ఆ దిక్కులు కలిసిన చోటే పిడుగు పడిన చోటు. తర్వాత ఇంకొక ఉపాయం కూడా తోడైంది. ఒకే మెరుపు తరంగం దగ్గరి యంత్రానికి ముందు, దూరపు యంత్రానికి వెనక చేరుతుంది కదా. సెకనును పదిలక్షల ముక్కలు చేసి ఆ తేడాను కొలిస్తే చోటు మరింత కచ్చితంగా తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, నేల మీదికి పిడుగు దిగడానికి కొన్ని నిమిషాల ముందే మబ్బు లోపల మెరుపులు జోరందుకుంటాయి. ఆ లోపలి మెరుపులను పట్టుకోగలిగితే పది నిమిషాల నుంచి అర్ధగంట దాకా వ్యవధి చిక్కుతుంది.

ఇందులో మొదటి ఉపాయాన్ని అంగట్లోకి తెచ్చింది చిన్న కంపెనీయే. 1970ల మధ్యలో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ ఊర్లో మార్టిన్ ఉమన్, ఫిలిప్ క్రైడర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, మరికొందరు కలిసి పెట్టుకున్నారు. ఇందాక చెప్పిన చట్టం అప్పటికి రాలేదు. కానీ మొదట్లోనే వాళ్ల సరుకు కొన్నది ప్రభుత్వమే, అమెరికా ప్రభుత్వ భూములను చూసే శాఖ. పడమటి రాష్ట్రాల్లోనూ అలాస్కాలోనూ పిడుగు పడి అడవులు అంటుకుంటే వెంటనే తెలియాలి, దానికోసం కొన్నది. 1989 నాటికి ఆ దేశపు ప్రధాన భూభాగమంతా ఈ యంత్రాల వల కిందికి వచ్చింది. 2002లో ఆ వ్యాపారం ఫిన్లండుకు చెందిన వైసాలా అనే పెద్ద కంపెనీ చేతిలోకి పోయింది. ప్రజల డబ్బుతో ఈత నేర్చుకున్న చిన్న చేపకు చివరికి పట్టే గతి ఇదే.

మన దగ్గర పుణెలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఐటీఎం దేశమంతటా ఎనభైకి పైగా సెన్సర్లు పెట్టి ‘దామిని’ అనే యాప్ తయారు చేసింది. సెన్సర్లు అమెరికా కంపెనీ ఎర్త్ నెట్‌వర్క్స్‌వి. మన రాష్ట్ర ప్రభుత్వమూ అదే కంపెనీ సాయం తీసుకున్నది. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్ మీద 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ లెక్క చెబితే ప్రపంచమంతా వింతగా చెప్పుకున్నది. ముప్పై ఆరు వేల ఏడు వందల నలభై తొమ్మిది! ఒక్కటి కూడా తప్పిపోకుండా లెక్కపెట్టగలిగారు. ఆ రోజు కూడా చేలల్లో మనుషులు చనిపోయారు.

గెనిమ మీది ఫోను

తెల్లారి ఆరు గంటలకు ఎర్రగుంట్లలో ఆటోలు కూలీ ఆడవాళ్లను ఎక్కించుకుంటాయి. పత్తి తీతకు కొందరు, శనగ చేలోకి కొందరు, వేంపల్లె, పులివెందుల వైపు చీనీ తోటలకు కొందరు. ఒక ఆటోకు పది మందికి తక్కువుండరు. వాళ్ల మేస్త్రమ్మను అడిగాను, ‘అక్కా, పిడుగు పడతాదని ఫోన్‌కు మెసేజ్ వస్తాది కదా, చూస్తారా?’ అని.

‘యాడ చూసేదన్నా? ఒళ్లో పెట్టుకుంటే చెమటకు తడుస్తాది. సద్దిగిన్నెతో పాటు గెనిమ మీద పెట్టి సాళ్లలోకి పోతాం. మళ్లా పన్నెండింటికి దాన్ని తాకేది. అది కూడా నొక్కుడు ఫోను. మెసేజి వచ్చినా సదివేదెవరు? మా గుంపులో సదువొచ్చింది ఇద్దరికే.’

పక్కనున్న పెద్దామె అందుకున్నది. ‘సదివినా ఏమొచ్చె నాయనా? మబ్బు పట్టిందని గట్టెక్కితే అరపూట కూలి కోస్తాడు. సచ్చినా బతికినా సాలు ఎళ్లిపోవల్ల.’

ఆ పెద్దామె మాటలో వున్నది అసలు సంగతి. యాప్ తయారు చేసినవాళ్లు కబురు అందితే చాలు, మనిషి పని ఆపి పోతుందని అనుకున్నారు. సొంత చేలో పని చేసుకునే రైతుకు అది చెల్లుతుంది. కూలీకి పని ఆపే హక్కు వుంటే కదా! కైకిలి పూటకు ఇంతని మాట్లాడుకున్నప్పుడు, వాన మూలంగా పని నిలిచిపోతే ఎవరి నష్టం అనేది మాట్లాడుకోని షరతు. ఆ నష్టం ఎప్పుడూ కూలీ మీదనే పడుతున్నది. ఇక గుత్తకు ఒప్పుకున్న పనైతే చెప్పనక్కర లేదు. ఎకరాకు ఇంతని ఒప్పుకున్న గుంపు ఉరుముతున్నా వంచిన నడుము ఎత్తదు. మరీ చినుకులు పెద్దవైతే అందరూ కలిసి పోయేది గట్టు మీది చింతచెట్టు కిందికో వేపచెట్టు కిందికో. ఒకరినొకరు ఆనుకొని కూర్చుంటారు. పిడుగు చెట్టు మీద పడి, నేలలో పాకి, ఒక్క దెబ్బకు ఐదారు మందిని పడగొట్టేది అట్లాంటి చోటనే.

అంతా అయ్యాక జరిగే భాగోతం ఇంకొకటి. విపత్తు సాయం కింద చనిపోయిన మనిషికి నాలుగు లక్షలు అని నిబంధన వుంది. కేంద్రం గుర్తించిన పన్నెండు విపత్తుల జాబితాలో పిడుగుకు ఏళ్ల తరబడి చోటు దక్కలేదు. రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో పది శాతం దాకా స్థానిక విపత్తులకు వాడుకోవచ్చుననే వెసులుబాటును పట్టుకొని ఇస్తూ వచ్చాయి. ఇవ్వాలంటే పోలీసు కేసు కావాలి, శవపరీక్ష కావాలి. రాత్రికి రాత్రే శవాన్ని పూడ్చుకున్న కుటుంబం సంగతేమిటి? ఆ చేలో, ఆ పూట, ఏ నిమిషంలో పిడుగు దిగిందో యంత్రాల వలలో నమోదై వుంటుంది. కానీ సచ్చిన మనిషి భార్య ఆఫీసు మెట్లెక్కి ‘సార్, మీ లెక్క తీసి చూడండి’ అని అడగవచ్చునని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. అడిగితే తీసి చూపే పద్ధతీ లేదు. ముప్పై ఆరు వేల పిడుగుల లెక్క పత్రికలకు ఇవ్వగలిగినవాళ్లు ఒక్క పిడుగుకు ధ్రువపత్రం ఇవ్వలేరా?

వానకోల ఎవరి వాకిట్లో?

కొలత అనేది మొదటినుంచీ పాలకుల వాకిట్లోనే వుంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో వానను కొలిచే పాత్ర ప్రస్తావన వుంది. మూరెడు మూతి గల గిన్నెను ధాన్యాగారం ముందు పెట్టాలని అందులో చెప్పాడు. ధాన్యాగారం ముందే ఎందుకంటే శిస్తు లెక్క అక్కడిది కనుక. 1864లో కలకత్తా తుపాను, ఆ తర్వాత కరువులు చూశాక ఇంగ్లీషువాళ్లు 1875లో వాతావరణ శాఖ పెట్టారు. ఇప్పటికీ మండలంలో ఎంత వాన కురిసిందంటే మండల కేంద్రంలో ఉదయం ఎనిమిదిన్నరకు చూసిన లెక్కే. సీమలో వాన ఒక చేలో కురిస్తే పక్క చేలో కురవదు. రైతు లెక్క వేరు. ‘బెత్తెడు పదునైంది’, ‘దుక్కి పదునైంది’ అంటాడు. నేల లోపలికి తడి ఎంత దిగిందో అతనికి కావాలి. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు. ఉత్తర కార్తెలో కూడా వాన పడకపోతే సామాను ఎత్తుకొని వలస పోవలసిందేనని. ఈ సామెత కట్టినవాడు రైతో కూలీయో తెలియదు కానీ, ముందు గంప ఎత్తేది కూలీయే.

కొలత బీమాతో ముడిపడిన తర్వాత దాని చుట్టూ వ్యాపారం పెరిగింది. మన దేశంలో వాన లెక్కను బట్టి పరిహారం ఇచ్చే బీమా మొదట 2003లో అప్పటి మన రాష్ట్రంలోని మహబూబ్‌నగర్ జిల్లాలోనే పెట్టి చూశారు. బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వేరుశనగ, ఆముదం రైతులు రెండు వందల పైచిలుకు మందితో మొదలు పెట్టాయి. 2016 ఖరీఫ్‌లో ప్రధానమంత్రి ఫసల్ బీమా వచ్చింది. దానితో పాటే వాతావరణ బీమా కూడా. వానకోల ఎక్కడుందనేది అప్పటి నుంచి డబ్బు సమస్య అయింది. కేంద్రం చూసి చూసి 2023 జూలైలో ‘విండ్స్’ అనే పథకం ప్రకటించింది. ప్రతి బ్లాకుకు ఒక స్వయంచాలిత వాతావరణ కేంద్రం, ప్రతి పంచాయతీకి ఒక వానకోల అన్నారు. పక్కనున్న కర్ణాటక ఆ పని ముందే చేసి చూపింది; అక్కడి రాష్ట్ర విపత్తుల పర్యవేక్షణ కేంద్రం పంచాయతీకొకటి చొప్పున ఆరు వేలకు పైగా వానకోలలు పెట్టింది. అది ప్రభుత్వ సంస్థ. లెక్కలు ప్రభుత్వం చేతిలోనే వున్నాయి.

పంచాయతీకొక వానకోల వస్తే రైతుకు మేలే. మనం కూడా అడగవలసిందే. అయితే పంట ఎండితే పట్టాదారుకు బీమా వస్తుంది. కౌలురైతుకు రావాలంటే 2019 చట్టం కింద కార్డు కావాలి. ఆ కార్డుకు భూమి యజమాని ఒప్పుకొని సంతకం పెట్టాలి. కూలీకి కార్డు లేదు, సంతకం లేదు. పంట పోయిన ఏడు కోతలు లేవు, నూర్పిళ్లు లేవు. నెలల తరబడి పని పోయిన మనిషి నష్టాన్ని కొలిచే గిన్నె ఏ ఆఫీసు ముందూ పెట్టలేదు.

మంచి పని జరిగిన చోట మంచి పని అనాలి. 2016 జూన్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో ఫోన్‌లో తెలుగులో చెప్పాయి. ముప్పై ఏళ్ల వాన లెక్కలు గణించి, జూన్ మొదట్లో వద్దు, నెలాఖరు దాకా ఆగండి అన్నాయి. దానికి పొలంలో యంత్రం అవసరం లేదు, స్మార్టు ఫోనూ అవసరం లేదు. మామూలు నొక్కుడు ఫోనుకు తెలుగు మెసేజి. ఆ రైతులకు దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ఆ సంస్థలు చెప్పుకున్నాయి. నేను చూసేది ఒక్కటే. విత్తు మూడు వారాలు వెనక్కి జరిగిందంటే విత్తే కూలీల పని కూడా మూడు వారాలు వెనక్కి జరిగినట్టే. వాళ్లకూ ఒక మెసేజి పంపి వుంటే ఆ మూడు వారాలు ఇంకెక్కడైనా పని చూసుకునేవాళ్లు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

కబురు మోసినవాడు

2021 నవంబరు 19 తెల్లవారుజామున అప్పటి మన జిల్లాలోనే రాజంపేట దగ్గర చెయ్యేటి మీద అన్నమయ్య ఆనకట్ట కొట్టుకుపోయింది. పైనున్న పింఛా ఆనకట్ట ముందే తెగింది. రెండు లక్షల పైచిలుకు క్యూసెక్కులకని కట్టిన దాని మీదికి మూడు లక్షలకు పైగా వరద వచ్చింది. ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని తర్వాత కేంద్ర మంత్రి రాజ్యసభలో చెప్పారు. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊర్లు నేలమట్టమయ్యాయి. ముప్పై మందికి పైగా పోయారు. వాన ఎంత కురుస్తున్నదో వాతావరణ శాఖకు తెలుసు, నీరు ఎంత చేరుతున్నదో ఆనకట్ట మీద తెలుసు. ఆ రాత్రి పులపత్తూరులో చాలా మంది ప్రాణాలు దక్కించుకున్నది ఆనకట్ట మీది లస్కరు ఒకరు ఫోన్ చేసి లేపడం వల్లనని అప్పుడు వార్తలు వచ్చాయి. ఇరిగేషన్ శాఖలో అందరికంటే చిన్న జీతగాడు లస్కరు. కోట్ల విలువైన వ్యవస్థ ఊరుకుంటే కబురు మోసినవాడు అతను.

ఎండ సంగతి కూడా ఇట్లాగే వుంది. వేసవి వచ్చిందంటే విపత్తుల సంస్థ ఏ మండలంలో వడగాలి, ఏ మండలంలో తీవ్ర వడగాలి అని రోజూ జాబితా ఇస్తుంది. కడప జిల్లా మండలాలు లేని జాబితా అరుదు. పన్నెండు నుంచి నాలుగు దాకా బయటికి రావద్దంటారు. రాకపోతే కూలి ఎవరిస్తారు? దీనికి ఒక చోట జవాబు వెతికారు. గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రల్లో ‘సేవ’ అనే స్వయం ఉపాధి మహిళల సంఘం 2024 వేసవిలో దాదాపు 50 వేల మంది సభ్యులను ఎండ బీమాలో చేర్చింది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే 400 రూపాయలు నేరుగా ఖాతాలో పడే ఏర్పాటు. నాలుగు వందలు ఒక్క రోజు కూలికి సరిగ్గా సరిపోదు, పైగా మధ్యలో బీమా కంపెనీల లాభం వుంది. నాకు ఆ పద్ధతి మీద మోజు లేదు. కానీ థర్మామీటరు చూపిన అంకెకు కూలీ మనిషి కూలిని ముడిపెట్టవచ్చునని అది రుజువు చేసింది. వాన లెక్కను రైతు పంటకు ముడిపెట్టినప్పుడు, ఎండ లెక్కను, పిడుగు లెక్కను కూలీ పూటకు ముడిపెట్టడం ఎందుకు కుదరదు?

అందుకని మనం అడగవలసినవి అడగాలి. ప్రభుత్వ గ్రాంటుతో తయారైన హెచ్చరిక పరికరం ఏదైనా సరే, చదువు రాని మనిషికి, ఫోను చేతిలో లేని మనిషికి ఎలా చేరుతుందో చూపించందే రెండో విడత డబ్బు ఇవ్వకూడదు. సచివాలయం మీద, గుడి మీద, మసీదు మీద, నీళ్ల ట్యాంకు మీద మైకులు ఎటూ వున్నాయి; పిడుగు హెచ్చరిక రాగానే వాటంతట అవే మోగే పెట్టె తయారు చేయడం ఏ చిన్న కంపెనీకి చేతకాదు? 2023లో ప్రభుత్వం పరీక్షగా దేశమంతటా ఫోన్లను ఒక్కసారి బిగ్గరగా మోగించింది. గెనిమ మీద పెట్టిన ఫోను కూడా అలా మోగితే పది సాళ్ల అవతలికి వినపడుతుంది. హెచ్చరిక మోగినప్పుడు ఆగిన పనికి కూలి కోయకూడదని కనీస వేతనాల ఉత్తరువులో ఒక్క వాక్యం చేర్చాలి. ప్రభుత్వ పనుల్లోనైతే ఆ గంటలకు హాజరు పడాలి, ఫొటో తీసే యాప్‌లోనే దానికొక మీట పెట్టవచ్చు. పిడుగు పడిన చోటు, వేళ నమోదైన లెక్కను తహశీల్దారు తానే తెప్పించుకొని పరిహారం ఫైలులో పెట్టాలి. బతికి మిగిలినవాళ్లను సాక్ష్యాల కోసం తిప్పకూడదు. ఆ లెక్కలు కంపెనీ ఆస్తి అంటే ఒప్పుకోవద్దు, డబ్బు మనది.

మైకులు మోగే దాకా చేలోకి పోకుండా వుండేది లేదు కదా. మేస్త్రీలు ఈ నాలుగు సంగతులు గుంపుకు చెప్పి పెట్టాలి. మెరుపు కనపడగానే ఒకటి, రెండు అని నింపాదిగా లెక్కపెట్టండి. ఉరుము వినపడేసరికి మూడు అయితే పిడుగు కిలోమీటరు దూరంలో వుంది. ముప్పై లోపు ఉరుము వినపడిందంటే పది కిలోమీటర్ల లోపలే, అప్పుడే పని వదలాలి. పక్కా ఇల్లు, బడి, మూసిన బస్సు మంచిది. ఆటో, ట్రాక్టరు ట్రాలీ, రేకుల కొట్టం, ఒంటి చెట్టు పనికిరావు. ఎక్కడికీ పోలేకపోతే కొడవళ్లు, పారలు దూరం పడేసి, ఒకరికొకరు ఎడంగా, పాదాలు దగ్గర చేర్చి గొంతుకూర్చోవాలి, పడుకోకూడదు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాకు కొట్టదు. ఊపిరి ఆగివుంటే రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా, ఆపకుండా నొక్కుతూ 108కి ఫోన్ చేయించాలి. చివరి ఉరుము విన్నాక అర్ధగంట గడిస్తే తప్ప తిరిగి చేలోకి దిగవద్దు, ఆసామి ఎంత కేకలేసినా సరే.